కొబ్బరికాయ కొట్టిన గుంత

పెళ్లయిన తొలి ఏడాది. నేలకొండపల్లి దగ్గర ఒక ఊళ్లో బడికి కొత్త గదులు కట్టాలని, ముందు మట్టి చూసి రమ్మని ఆఫీసు వాళ్లు నన్ను పంపారు. అత్తగారి ఊరు ఆ పక్కనే. భోజనానికి వస్తానని మామయ్యకు ఫోన్ కూడా చేశాను.

మట్టి పరీక్షకు పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. పునాది వచ్చే చోట మనిషి లోతు గుంత తవ్వించి, నల్లరేగడి ఎంతవరకు ఉందో, కింద గట్టి గులకమట్టి, అదే మొరం, ఎక్కడ తగిలిందో చూసి, ఒక్కో పొర నుంచి ఇంత మట్టి సంచిలో కట్టుకోవడమే. నాతో వచ్చిన కూలీలు గడ్డపార ఎత్తే ముందు పసుపు కుంకుమ చల్లి, నిమ్మకాయ కోసి, కొబ్బరికాయ కొట్టారు. భూమాతకు దండం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను.

ఆదివారం. బడి దగ్గర ఎవరూ లేరు. మొరం తగలగానే నేనే గుంతలోకి దిగాను. కాసేపటికి పైన అలికిడయింది. తలెత్తితే చుట్టూ జనం.

"ఏంది సార్, దొరికిందా?" అన్నాడొకాయన.

"ఇంకో అడుగు పోతే గట్టిది దొరుకుతుంది" అన్నాను అమాయకంగా.

"విన్నరా! లంకెబిందెలకే వచ్చిండు!"

అక్కడి నేలలో పాత ఇటుకలు బయటపడుతూనే ఉంటాయి. నిధుల దొంగల కథలు ఊరూరా తెలుసు. ఆ కుంకుమ, నిమ్మకాయ చూశాక నా మాట ఎవరు నమ్ముతారు? గుర్తింపు కార్డు చూపిస్తే "గిసొంటివి మస్తు చూసినం" అన్నారు. జనాన్ని చూసి కూలీలు ఎప్పుడో జారుకున్నారు. ఆఫీసులో ఫోన్ ఎత్తలేదు. నన్ను పైకి లాగుతుంటే చొక్కా చిరిగింది. బడి అరుగు మీద కూర్చోబెట్టి, సంచులన్నీ కుమ్మరించి, మట్టిలో బంగారం వెతికారు.

అంతలో ఒక ముసలమ్మ నన్ను పోల్చుకుంది. "గీ పిలగాడు మన పక్కూరి అల్లుడు గాదె? పెండ్లికి పోయొస్తిమి గద!"

అప్పటిదాకా పేరూ ఊరూ లేని దొంగని. ఇప్పుడు ఒక ఇంటి అల్లుణ్ణి. సిగ్గుతో ప్రాణం చచ్చినంత పనయింది.

ఎవరో కబురు పెడితే మామయ్య బండి మీద వచ్చారు. పంచాయితీల్లో పదిమందికి తీర్పు చెప్పే మనిషి. నన్నేమీ అడగలేదు. చెప్పులు విడిచి, అందరికీ చేతులు జోడించారు.

"పిల్లగాడు సర్కారు పని మీదనే వచ్చిండు. ముందుగాల మీకు చెప్పకపోవుడు తప్పే. మన్నించుండ్రి."

ఆ జోడించిన చేతుల వైపు చూడలేక తల దించుకున్నాను. తర్వాత సర్పంచ్ వచ్చాడు, ఎవరికో ఫోన్ చేసి నిజమేనన్నాడు. అందరూ నవ్వారు, చాయ్ తెప్పించారు. కుమ్మరించిన మట్టి కలిసిపోవడంతో నేను మళ్లీ గుంతలోకి దిగాల్సి వచ్చింది. మామయ్య గట్టున కూర్చుని ఒక్కో సంచి మూతి తెరిచి పట్టుకున్నారు.

తిరుగు దారిలో అడిగాను. "నేను తప్పేం చేయలేదు కదా మామయ్యా, ఎందుకు దండం పెట్టారు?"

"ఎరుకనే. గా చిరిగిన అంగీతోని నిన్ను ఎంతసేపు కూసోనియ్యాలె?"

ఇంట్లో అత్తమ్మ వడ్డిస్తుంటే, ఏం తింటున్నానో కూడా చూడకుండా తిన్నాను.

ఆ గదులు తర్వాత లేచాయి. పునాదికి ముగ్గు పోసే రోజున నన్నే వెళ్లమన్నారు. జ్వరమని చెప్పి ఇంకొకరిని పంపించాను.