అయిదు డిగ్రీల జగన్నాథరావు

జగన్నాథరావు గారికి ఒకటే పిచ్చి. ఆ పిచ్చి రెండున్నర అడుగుల ఎత్తుంటుంది, తెల్లగా ఉంటుంది, ఎవరైనా దాని తలుపు ముట్టుకుంటే ఆయనకు ప్రాణం పోయినంత పనవుతుంది. అది మందుల ఫ్రిజ్. పెళ్లాంబిడ్డలు ఉండాల్సిన ఇంట్లో ఆయన ఫ్రిజ్‌ని పెట్టుకున్నాడని అరకులో అందరూ అనేవారు. ఆయన ఇంటి మేడగదిలో అద్దెకు దిగిన వారానికే నేనూ అన్నాను.

మాది తెనాలి. పోస్టాఫీసు ఉద్యోగం, బదిలీ మీద కొండెక్కాను. నలభై రెండేళ్లు, వెనకా ముందూ ఎవరూ లేరు. నాన్న పోయాక ఎక్కడికి వేసినా వెళ్తానని రాసిచ్చాను, వాళ్లు అంత పనీ చేశారు. అరకు చూడ్డానికి వచ్చినవాళ్లకు బాగానే ఉంటుంది. సాయంత్రం అయిదింటికి ఆఫీసు తాళం వేసి, మంచులో నడుచుకుంటూ వచ్చి, ఒక్కదానివే అన్నం వండుకుంటే తెలుస్తుంది.

దిగిన మూడోరోజు కిందికి వెళ్లి అడిగాను. "బాబాయ్ గారూ, కాస్త ఇడ్లీ పిండి మీ ఫ్రిజ్‌లో పెట్టుకోనా?"

ఆయన నన్ను కూర్చోబెట్టారు. మంచినీళ్లిచ్చారు, అవి కుండలోవి.

"బిందమ్మా, పిండి పొంగుతాదా?"

"పొంగుతుంది."

"పొంగి మూత లేస్తాది. మూత సూడ్డానికి నువ్వు తలుపు తీస్తావు. తలుపు తీస్తే వేడి దూరతాది. వేడి దూరితే మందు పాడవుతాది. నీ ఇడ్లీ కోసం ఇంత ఘోరం జరగాలంటావేటి?"

ఆ రోజు నుంచి నేను ఉప్మాతో సరిపెట్టుకున్నాను.

ఆ ఫ్రిజ్ సర్దుబాటు గురించి ఆయన గంటసేపు చెప్పగలరు, నాకు నాలుగుసార్లు చెప్పారు కూడా. మందులు నడిమి అరలోనే, స్టీలు డబ్బాలో ఉండాలి. వెనక గోడకి తగలకూడదు, అక్కడ ఐసు పడుతుంది. తలుపు అరలు ఖాళీగా ఉండాలి, అక్కడ వేడి తగులుతుంది. కింద అరంతా నీళ్ల సీసాలు, కరెంటు పోయినా చల్లదనం నిలవడానికి. ముందు గడువు తీరేది ముందు వరసలో. తలుపు తీసినప్పుడు పైకి లెక్కపెట్టేవారు. అయిదు లోపల మూసేస్తే సంతోషం, ఏడు దాటిందంటే ఆ పూటంతా తనని తాను తిట్టుకునేవారు.

పొద్దున ఎనిమిదికీ సాయంత్రం ఆరుకీ థర్మామీటర్ చూసి పుస్తకంలో రాసేవారు. రాసి, మెట్ల దగ్గర నిలబడి నాకు వినిపించేవారు.

"బిందమ్మా, అయిదు."

"మంచిది బాబాయ్ గారూ."

సెలవు రోజుల్లో ఆయనకీ నాకూ కలిపి జరిగే సంభాషణ అంతే. ఒక్కోసారి ఆరున్నరైనా కేక వినబడకపోతే నాకు తోచేది కాదు. అంత మాత్రం మాటకే ఎదురుచూస్తున్నానా అని నామీద నాకే జాలేసేది.

చలికాలం ఒకరోజు థర్మామీటర్ మూడుకి దిగింది. మందు గడ్డకడితే పనికిరాదని ఆయన తన కంబళి తీసుకెళ్లి ఫ్రిజ్‌కి కప్పారు. పావుగంటకి మోటారుకి ఊపిరాడదని గుర్తొచ్చి తీసేశారు. తీసినదాన్ని తను కప్పుకోవచ్చు కదా. అబ్బే, మడతపెట్టి ఒళ్లో పెట్టుకుని, పళ్లు టకటకలాడుతుంటే ఫ్రిజ్ పక్కన కూర్చున్నారు.

"మీరు కప్పుకోండి బాబాయ్ గారూ."

"మళ్లీ దానికి కావాలంటే? బేగి కప్పద్దా?"

ఆరేళ్లుగా ఆయన ఘాట్ దిగలేదు. బొబ్బిలిలో మేనకోడలు పెళ్లికి రమ్మంటే "ఫ్రిజ్ ఒక్కతే ఉంటాది" అని కబురు పంపారట. వాళ్లు ఆ తర్వాత మరే శుభకార్యానికీ పిలవలేదు. బజారులో తన గిన్నెల కొట్టు తాళం తీయడం, వేయడం, ఇంటికొచ్చి అంకె చూసుకోవడం, ఇదే ఆయన లోకం.

ఇక ఫ్రిజ్‌లో ఇన్సులిన్ దాచుకున్న షుగర్ మనిషని ఊరంతా ఆయన నోటికి కాపలా కాసేది. టీ కొట్టు యర్రమ్మ ఆయన్ని చూడగానే పంచదార డబ్బా బల్ల కిందకి తోసేది. ఆయనకేమో తీపంటే పంచప్రాణాలు. శుక్రవారం సంతలో జిలేబీ పొయ్యి దగ్గర ఊరికే నిలబడి వాసన పీల్చుకునేవారు. ఒకసారి మిరపకాయల బస్తాల వెనక చేరి జిలేబీ నోట్లో పెట్టుకోబోతుంటే యర్రమ్మ పట్టేసింది. చేతిలోది లాక్కుని పక్కనున్న మేకకి పెట్టింది.

"సచ్చిపోతావేటి బావూ? ఇంట్లో అంత మందెట్టుకుని ఈ పనులేటి?"

ఆయన మేక వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. నేనూ తక్కువ తినలేదు. మా నాన్న షుగర్‌తోనే పోయాడు, అందుకని నాకు ఒళ్లు మండి, సంత మధ్యలోనే నాలుగు దులిపేశాను. "తప్పే తల్లీ, తప్పే" అని తల వంచుకుని వెళ్లిపోయారు.

మొన్న వానాకాలం ముసురు పట్టింది. ఘాట్ మీద కొండచరియ పడి రోడ్డు మూసుకుపోయింది, కరెంటు తీగలు తెగాయి. మొదటి రోజు థర్మామీటర్ ఆరు, ఏడు అంటూ ఎక్కింది, ఆయన గంటకోసారి కేక వేశారు. రెండోరోజు మధ్యాహ్నం కేకలు ఆగిపోయాయి. కిందికి పరిగెత్తాను. ఆయన మంచం మీద ఉన్నారు, ఒళ్లు కాలిపోతోంది, కళ్లు మూసుకుని "ఎనిమిది, ఎనిమిది" అంటున్నారు.

పొద్దుటి నుంచీ ఏమీ తిన్నట్టు లేదు, ఇంజెక్షన్ వేసుకున్నట్టూ లేదు. షుగర్ పెరిగి మాట తేలిపోతోందనుకున్నాను. మా నాన్నకు పదకొండేళ్లు నేనే వేశాను, నాకు చెయ్యి తిరిగిన పని. ఫ్రిజ్ తలుపు తీశాను. ఆయన కళ్లు తెరిచారు.

"ఎవులది? ఏటి సేత్తన్నావు?"

"మీకు ఇంజెక్షన్. చొక్కా పైకెత్తండి."

"నాకొద్దు."

"చిన్నపిల్లాడిలా మారాం చేయకండి. ఎన్ని యూనిట్లు వేసుకుంటారు?"

"ముందు తలుపెయ్యి. ఇరవై దాటింది లెక్క."

తలుపు వేసి, ఇన్సులిన్ పెన్నుకి సూది బిగించాను. అప్పటిదాకా తల ఎత్తలేని మనిషి ఒక్క ఉదుటున లేచి, మంచం దూకి, దుప్పటితో సహా బీరువా పక్కన నక్కారు.

"అది నాకేత్తే సచ్చిపోతాను బిందమ్మా. నాకు సుగరు లేదు."

జ్వరం ప్రేలాపన అనుకుని ఇంకో అడుగు వేశాను.

"కనకమాలచ్చి తల్లి మీద ఒట్టు. నాకు ఏ రోగమూ లేదు. ఆ మందు రత్నాలుది."

రత్నాలు ఆయన కొట్టు పక్కనున్న కాఫీపొడి దుకాణంలో పనిచేసే పిల్ల. ఇరవై రెండేళ్లుంటాయి. నెలకోసారి ఆయన ఇంటికి రావడం చూశాను కానీ, కాఫీపొడి తెచ్చిస్తోందనుకున్నాను. ఆయన బీరువా పక్కనుంచి కదలకుండానే చెప్పుకొచ్చారు. ఇంటరులో ఉండగా ఆ పిల్లకి జబ్బు బయటపడింది. హాస్టల్లో తోటిపిల్లలు అంటుకుంటుందని కంచాలు దూరం జరుపుకున్నారు. చదువు మానేసి వచ్చి దుకాణంలో చేరింది. కొండ మీద వాళ్ల ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఎవరికీ చెప్పొద్దని ఏడ్చింది.

"నానెవులికీ సెప్పనన్నాను. మర్నాడు ఆటోలోంచి ఫ్రిజ్ దింపుతుంటే యర్రమ్మ సూసింది. ఏటది బావూ అంది. మందులకన్నాను. ఎవులికి అంది. నాకే అనేశాను."

"ఆరేళ్లు చప్పటి టీ తాగారా?"

"ఏం సేత్తాం మరి. అనేశాక తప్పదు కదా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సంతలో నేను తిట్టిన తిట్లన్నీ వరసగా గుర్తొచ్చి, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తోచక సూది విప్పేశాను.

"అవి మూడే ఉన్నాయి" అన్నారాయన. "రోడ్డు తెరిసేదాకా కొత్తవి రావు. అవి పాడైతే ఆ రత్నాలు గుంటకి ఏటవుతాదో నాకు తెలుసు, నీకూ తెలుసు."

ఆయనకి జ్వరం మాత్ర వేసి, మందుల డబ్బాని తువ్వాల్లో చుట్టి, చన్నీళ్ల సీసాల మధ్య సంచిలో పెట్టుకుని గొడుగేసుకుని బయల్దేరాను. టూరిస్టు లాడ్జిలో జనరేటర్ ఉంది. దారిలో యర్రమ్మ కొట్టు, వానకి ఊరు సగం అక్కడే తలదాచుకుంది.

"ఆ బావు మందులేటమ్మా?" అంది యర్రమ్మ.

ఎందుకన్నానో తెలియదు. అన్నాక మాత్రం గుండె తేలికపడింది.

"ఆయనవి కావు. ఆయనకి ఏ జబ్బూ లేదు. ఈ మందులు నావి."

"నువ్వొచ్చి రెండేళ్లు కాలేదు. ఫ్రిజ్ వచ్చి ఆరేళ్లు."

గొడుగు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయాను.

నాలుగోరోజు కరెంటు వచ్చింది. మందులు చెక్కుచెదరకుండా నడిమి అరలోకి చేరాయి. జ్వరం తగ్గిన జగన్నాథరావు గారిని తీసుకుని టీ కొట్టుకి వెళ్లాను. మేం కూర్చున్నామో లేదో, రత్నాలు దుకాణం మెట్లు దిగి గబగబా వచ్చింది. మొన్న ఈ కొట్లో నేనన్న మాట దానికి చేరిందని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"యర్రమ్మత్తా," అంది. "ఆ మందు తాతదీ కాదు, అక్కదీ కాదు. నాది. సుగరు నాకుంది."

"నీకెందుకే, నాదే" అన్నారు జగన్నాథరావు గారు వెంటనే.

"లేదు, నాది" అన్నాను నేను.

యర్రమ్మ గరిటె పక్కన పెట్టి మా ముగ్గురినీ వరసగా చూసింది. రత్నాలుని కాసేపు ఎక్కువ చూసి, దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మా బల్ల మీదే, మా ఇద్దరి మధ్యన కూర్చోబెట్టింది.

"నాదంటే నాదని కొట్టుకుంటన్నారు. ఎవులిదో నానెలా తేల్సను? డాక్టరు కాయితం తెచ్చీదాకా ముగ్గురికీ పంచదార బందు."

మూడు చప్పటి టీలు వచ్చాయి. రత్నాలు ముందు నవ్వింది, తర్వాత కొంచెం ఏడ్చింది, మళ్లీ నవ్వింది. ఆ రోజు నుంచీ దుకాణం మూశాక ముగ్గురం అక్కడే కూర్చుని ఇళ్లకి పోతున్నాం. డాక్టరు కాగితం ఎవరమూ ఇంకా తేలేదు.