యాదగిరి సార్ పెట్టుకున్న అక్షరాల సైజు

అది 2011, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సుల్లేవు, కోచింగ్ సెంటర్లకు తాళాలు. నేను ఎల్బీ నగర్‌లో మా ఇంట్లోంచే వెబ్‌సైట్లు చేసేదాన్ని. నా క్లయింట్లలో ప్రసాదరావు గారు ఒకరు. గుంటూరు నుంచి వచ్చి బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్ పెట్టారు. గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. తన మాట నెగ్గకపోతే మాత్రం గొంతొక్కటే మిగులుతుంది.

క్లాసులు ఆగిపోయాయి కదా అని, విద్యార్థులు సందేహాలు రాస్తే మాస్టార్లు ఇళ్ల నుంచే జవాబులిచ్చేలా నాచేత ఒక పేజీ చేయించారు. అక్షరాల సైజును పిక్సెల్స్‌లో, అంటే తెర మీది చుక్కల లెక్కన, బిగించొద్దని చెప్పి చూశాను. అలా బిగిస్తే, ఎవరైనా తమ బ్రౌజర్‌లో అక్షరాలు పెద్దవి పెట్టుకున్నా పాత కంప్యూటర్లలో మన పేజీ దాన్ని లెక్కచేయదు.

"అదంతా నాకు తెలీదమ్మాయ్. మన పాంప్లెట్ ఎలా ఉందో ప్రతి కంప్యూటర్లోనూ అచ్చం అలాగే కనబడాలి," అన్నారు. ఆయనతో వాదన అంటే గోడకు తల కొట్టుకోవడమే. సరేనన్నాను.

కొన్నాళ్లకే ఆయన నుంచి ఫోన్ వచ్చింది. "పేజీలోంచి ఆ యాదగిరి ఫొటో తీసెయ్. 'లెక్కల మాస్టారు కావలెను' అని పెట్టు."

యాదగిరి సార్‌ది నల్గొండ దగ్గర పల్లె. సెంటర్ పెట్టిన నాటి నుంచీ లెక్కలు ఆయనే చెబుతున్నారు. ప్రత్యేక రాష్ట్రం గురించి ఇద్దరూ స్టాఫ్‌రూమ్‌లో గొంతులు చించుకుని, ఆ వెంటనే ఒకే డబ్బాలో తినేవాళ్లు.

"ఏమైందండీ?"

"పిల్లలు సందేహాలు రాస్తుంటే ఒక్కదానికీ జవాబివ్వడు. ఫోన్ చేస్తే, సమ్మె గదా, చూద్దాం అంటాడు. నా మీద సమ్మె చేస్తాడా వాడు?" నాకు జాలేసింది.

ముందు సార్ దగ్గర పేజీ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసొస్తానని చెప్పి, స్కూటీ మీద నాగోల్ వెళ్లాను.

"రా బిడ్డా, కూసో. చాయ్ తాగుదువు," అని యాదగిరి సార్ ఎదురొచ్చారు. పాత కంప్యూటర్ తెరిచారు. న్యూస్ పేపర్ సైట్‌లో అక్షరాలు ఇంతింత లావున ఉన్నాయి. మెయిల్లోనూ అంతే. మా పేజీ తెరిస్తే మాత్రం చీమల బారు. సార్ ముక్కు తెరకు ఆనేలా వంగి, కాసేపు ప్రయత్నించి, వెనక్కి వాలారు.

"అక్షరాలు మీరే పెద్దగా పెట్టుకున్నారా సార్?"

"షుగర్ తోని చూపు జర మందగించింది బిడ్డా. ఇంట్ల గుడ చెప్పలే. రావు సారుకు తెలిస్తే నన్ను బోర్డు కాడ నిలబడనిస్తడా?"

"మరి సమ్మె అన్నారట కదా?"

"గట్లంటే కోపం జేస్తడు. గిది జెప్తే జాలి పడ్తడు. కోపమే నయం."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటికొచ్చి పిక్సెల్స్ తీసేసి, చూసేవాళ్ల బ్రౌజర్ సెట్టింగ్‌ను బట్టి అక్షరాలు పెరిగేలా మార్చాను. రావు గారి కంప్యూటర్లో సెట్టింగ్ మామూలుదే కాబట్టి ఆయన పాంప్లెట్ చెక్కుచెదరలేదు. సార్ ఇంట్లో మాత్రం అదే పేజీ లావు అక్షరాలతో తెరుచుకుంది. ఎవరికీ సంజాయిషీ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ సాయంత్రమే జవాబులు మొదలయ్యాయి. రావు గారి సంబరం చూడాలి. "సమ్మె విరమించాడమ్మాయ్ మనవాడు! ఫొటో తీయకు, ఇంకాస్త పెద్దది చెయ్!"

సెంటర్ మళ్లీ తెరిచాక యాదగిరి సార్ తనే ఆయనకు అసలు సంగతి చెప్పేశారు. వెంటనే రావు గారు నాకు ఫోన్ చేశారు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసండీ."

"ఇన్నేళ్లు కలిసి తిన్నాం, నాకు చెప్పలేకపోయాడు చూడు. వాడు నోటితో లెక్క చెబితే చాలదూ? బోర్డు మీద రాయడానికి నేను లేనూ?" అన్నారు. అన్నట్టే రాశారు కూడా. సార్ మాత్రం ఆయన దస్తూరీకి రోజూ వంకలు పెట్టేవారు.

ఇంట్లోవాళ్లకీ, ప్రాణస్నేహితుడికీ చెప్పుకోలేని మాటను యాదగిరి సార్ తన బ్రౌజర్‌కు చెప్పుకున్నారు. అక్షరాలు ఎందుకు పెద్దవి పెట్టుకున్నారో మనం ఎవరినీ అడగక్కర్లేదు. మనం చేసిన పేజీ ఆ మాట వింటే చాలు.