చెరువులో వేలాడిన నాపరాళ్ళు

మా జువాలజీ సారు పోయారని నరసరావుపేట నుంచి పోస్టాఫీసుకు ట్రంకు కాల్ వచ్చింది. పోస్టుమాస్టరు పంపు హౌసుకు వచ్చి చెప్తే నేను నమ్మలేదు. "ఫోన్ చేసిందెవరు? ఆయనేనని ఎట్టా తెలుసు?" అని మళ్ళీ మళ్ళీ అడిగాను. ఒకరి నోటి మాటతో దేన్నీ నమ్మొద్దని నాకు నేర్పింది ఆయనే. ఈ ఒక్క అనుమానమైనా నిజమై ఉంటే బాగుండేది.

నేను కారంపూడి దగ్గర ఒక మంచినీళ్ళ చెరువు మీద పంపు ఆపరేటర్ని. కొన్నేళ్ళ కిందట, నరసరావుపేట కాలేజీలో పాఠాలు చెప్పే ఆయన సంచీనిండా నాపరాయి ముక్కలు, భుజాన నైలాన్ తాడు వేసుకుని బస్సు దిగారు. రాళ్ళకు బెజ్జాలు వేసి, తాళ్ళు కట్టి, నీళ్ళ మీద తేలే ఖాళీ డబ్బాల కింద నీళ్ళలో వేలాడదీశారు. ఏంది సారూ ఇదంతా అంటే, గట్టు మీద దొరికిన గోరంత గుల్ల చూపించారు.

"మన ఆల్చిప్ప బురదలో పడుకుంటుంది. ఇది రాయిని పట్టుకుంటుంది, ఇనుమునూ పట్టుకుంటుంది. చేపపిల్లల్ని తెచ్చిన నీళ్ళలో కలిసి వచ్చిందని నా అనుమానం. చెరువులో కాపురం పెట్టిందా, ముందు ఈ రాళ్ళ మీదే కనిపిస్తుంది. నీ పంపు గొట్టం పూడుకుపోక ముందే తెలియాలి."

ఊరంతటికీ అవే తాగునీళ్ళు.

నెలనెలా వచ్చి రాళ్ళు పైకి తీసేవారు. కళ్ళు మూసుకుని బొటనవేలితో నిమిరేవారు. కంటికి ఆనని పిల్ల గుల్లలు వేలికి గరుగ్గా తగులుతాయట. ఎన్ని నెలలైనా రాళ్ళు నున్నగానే ఉన్నాయి. నేను సంతోషపడితే ఆయన మొహం మాడ్చుకునేవారు.

"నీళ్ళలో ఉన్న రాయికి పాచి కూడా పట్టలేదంటే మనిషిని అనుమానించాలయ్యా. నువ్వేమైనా కడుగుతున్నావా?"

"నాకు వేరే పనేం లేదనుకున్నారా?" అని కస్సుమన్నాను.

"కోపం వచ్చింది గదా. అయితే నువ్వు కాదులే," అని ఫ్లాస్కు తీశారు. మా ఊరి పాలను కూడా నమ్మక, టీ ఇంటి నుంచే తెచ్చుకునేవారు.

ఇక చెరువులో చేపలు పట్టేవాళ్ళ పెద్ద, మేమంతా పెదమామ అని పిలిచే ఆయన, సారునే అనుమానించాడు. "వల విసిరితే చేప పడటంలా. ఈయన వచ్చి రాళ్ళు కడతన్నాడు, ఎత్తతన్నాడు. చేతబడి కాక ఇంకేంది? గంగమ్మ మీద తడిబట్టలతో ప్రమాణం చెయ్యమను. లేదంటే ఇటు రావద్దను."

చదువుకున్న మనిషి, ఒప్పుకోరనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు నాకిచ్చి, చొక్కా ప్యాంటుతోనే పంపు గొట్టం పక్కన దిగి మునిగారు. ఎంతకీ లేవలేదు. పెదమామ కూడా కంగారుపడ్డాడు. చివరికి గుప్పిట బిగించుకుని పైకి వచ్చారు.

"ఊఁ, చెప్పండి సారూ," అన్నాడు పెదమామ.

సారు గుప్పిట విప్పారు. గుల్లలు. "ప్రమాణం తర్వాత. ముందు పంపు ఆపండి."

గొట్టం ఊడదీసి గట్టు మీదికి లాగాం. మూతినిండా గుల్లలే, చెయ్యి దూరే సందు లేదు. వెనక నుంచి ఎవరో, "ఆయనే తెచ్చి అంటించాడేమో," అన్నారు. పెదమామ ఒక గుల్లను గోళ్ళతో పీకాడు. రాలేదు. మళ్ళీ పీకితే సన్నటి పోగులు తెగి ఊడొచ్చింది. "అంటిచ్చింది కాదురా. అదే పట్టుకుంది," అని తనే గోకడానికి కూర్చున్నాడు.

పొద్దుగూకే వేళకు పని అయింది. ఈ ఊళ్ళో ఈరోజుకీ కుళాయి తిప్పితే నీళ్ళు వస్తున్నాయంటే ఆ మహానుభావుడి చలవే. నేను ఆయన్ను మరవలేను.

ఆ సాయంత్రం సారు తడిబట్టల్లో వణుకుతుంటే పెదమామ తన తువ్వాలు తీసి ఆయన భుజాల చుట్టూ కప్పాడు. తల దించుకుని చెప్పాడు.

"చేతబడి తిరగ్గొట్టాలని పున్నమి పున్నమికీ ఉప్పూ పసుపూ పెట్టి ఆ రాళ్ళు తోమింది మేమే సారూ."

సారు తల తుడుచుకుంటూ ఆయన్ను ఎగాదిగా చూశారు. "నిజమేనా? లేక ఎవరినైనా వెనకేసుకొస్తున్నావా?"

పెదమామ పంచె కూడా ఎగ్గట్టకుండా, ప్రమాణం చెయ్యడానికి తనే నీళ్ళలోకి నడిచాడు. మోకాళ్ళు, నడుము, ఛాతీ. గట్టు మీద సారు తువ్వాలు బిగించి పట్టుకుని, తల పూర్తిగా మునుగుతుందో లేదోనని ముందుకు వంగి చూస్తున్నారు.