పని ఆపించే మనిషి

సార్ పోయారు. గుండెనొప్పి వచ్చిందని, దవాఖానకు చేరేలోపే అయిపోయిందని ఆయన బామ్మర్ది ఫోన్లో ఏడుస్తూ చెప్పాడు. బొగ్గు బావుల్లో ఎక్కడ ఏ ముప్పు ఉందో ముందే పసిగట్టి పని ఆపించే విభాగానికి ఆయన పెద్ద. గోదావరిఖనిలో నాకు ఆ ఉద్యోగం నేర్పింది ఆయనే.

నేర్పడమంటే మెత్తగా అనుకునేరు. కొత్తలో నన్ను బావిలోకి దింపి, కర్రతో పైకప్పును కొట్టి చూపించారు. చప్పుడు బోలుగా వచ్చింది, అంటే పైన బండ వదులైందన్నమాట. సరిగ్గా దాని కిందే ఒకాయన టిఫిన్ విప్పుకుంటున్నాడు. సార్ ఒక్క అంగలో వెళ్లి కాలర్ పట్టి ఈడ్చి అవతల పడేశారు. మోచెయ్యి చీరుకుపోయి, "మనిషివా, దున్నపోతువా?" అంటూ అతను సార్ మీదికి లేచాడు. అంతలోనే బండ కూలింది. దుమ్ము తగ్గాక చూస్తే టిఫిన్ గిన్నె రేకులా అణిగిపోయి ఉంది.

"నన్ను తిట్టాలన్నా మనిషి బతికుండాలె గద బిడ్డా," అన్నారు పైకొచ్చాక.

తిట్లతోనే పోయేది కాదు. గాలి సరిగ్గా ఆడని చోట షిఫ్టు ఆపించారని ఒకసారి బావి గేటు దగ్గర కార్మికులే ఆయన్ని చుట్టుముట్టి కొట్టారు. ముందుపన్ను ఊడింది. రక్తం ఉమ్మేసి మళ్లీ దారికి అడ్డంగానే కూర్చున్నారు. ఆయనంటే నాకు ప్రాణం. ఆ చేతి దురుసు మాత్రం నచ్చేది కాదు. మాటతోనే ఆపొచ్చని వాదించేదాన్ని.

"మాటకు టైం ఉంటే మాటే మంచిది బిడ్డా," అనేవారు నవ్వుతూ.

అంతిమయాత్రలో డప్పులు, పటాకులు. చావుకు టపాసులు కాల్చడం మా వైపు మామూలే. పాడె ముందు వేసిన పెద్ద సుతిలి బాంబు ఒకటి పేలలేదు. తాగి ఉన్న బామ్మర్ది ఏడుస్తూ దాన్ని తీయడానికి వంగాడు.

"అన్నా, ముట్టకు!" అని అరిచాను. డప్పుల మోతలో వినపడలేదు. పరుగెత్తి పక్కటెముకల మీద తన్నాను. వెల్లకిలా పడ్డాడు.

"బావ పీనుగ ముంగట నన్ను తంతవా?" అని లేచి నా చెంప పగలగొట్టాడు.

పెదవి చిట్లింది. నేను పక్కకు జరగలేదు. చేతులు రెండూ చాచి రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాను. డప్పులు ఆగాయి. నడిరోడ్డు మీద ఆ బాంబు అలాగే ఉంది. ఎవరో బిందెతో నీళ్లు తెచ్చి దూరం నుంచి దాని మీద కుమ్మరించేదాకా ఎవ్వరినీ కదలనివ్వలేదు. మోసేవాళ్ల భుజాల మీద సార్ కూడా ఆగారు.