గూడు బండిలో వారం రోజులు

ఇరవైల నాటి రంగూన్‌లో మేము ఉన్నది మింగళ తౌంగ్‌న్యున్‌లో, రైలు స్టేషను వెనకనున్న ఆ పేటలో, ఒక పొడుగాటి చెక్క బారకులో. ఒకటే గది. కిటికీ తెరిస్తే ఎదుటి బారకు గోడ. నాకప్పుడు తొమ్మిదేళ్లు. రోజూ అన్నం తింటున్నా, వరి చేను ఎలా ఉంటుందో ఎరగను.

నాన్న రంపపు మిల్లులో పనిచేసేవాడు. ఆ ఏడు వానలు వెనకబట్టే వేళకి ఆయనకి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గినా దగ్గు వదల్లేదు. కొన్నాళ్లు ఆ రంపపు పొడికి దూరంగా ఉండమన్నాడు డాక్టరు. మిల్లులో నాన్నతో పనిచేసే బర్మా ఆయన, నది దాటి తన్లిన్ ఊరి అవతలికి వెళితే తన చిన్నాన్నకి బళ్ల మకాం ఉందని, అక్కడ ఒక వారం ఉండి రమ్మని చెప్పాడు.

మకాం అంటే పెద్దదేమీ కాదు. దగ్గరలో కొండ మీదున్న పగోడాకి వచ్చే యాత్రికులు దిగడానికని పొలాల పక్కన ఐదు గూడు బళ్లు నిలిపి ఉంచారు. ఎద్దులు లేవు. చక్రాలకి మొద్దులు అడ్డం పెట్టి, నొగల కింద కర్రలు ఆన్చారు. లోపల మందంగా గడ్డి, దాని మీద చాప. పక్కన ఒక నుయ్యి, వంటకి చిన్న పాక. పండగ రోజులు కావు కనుక మేము తప్ప ఎవరూ లేరు. నాకూ అమ్మకీ ఒక బండి, నాన్నకి ఒకటి.

మొదటి రోజు పొద్దున్న తడక పక్కకి లాగి చూశాను. పండిన చేలు. ఎంత దూరం చూసినా అడ్డం లేదు. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. చేల చివర ఎక్కడో కిరసనాయిలు ఫ్యాక్టరీ పొగగొట్టాలు అగ్గిపుల్లల్లా కనిపించాయి. ఆ కిందనే నది ఉందని నాన్న చెప్పాడు.

మకాం యజమాని పొలంలోనే కోతలు జరుగుతున్నాయి. రెండు రోజులు అమ్మ వంట ముగించి, బండి చక్రానికి ఆనుకుని కూర్చుని వాటినే చూసింది. ఒళ్లో కుడిచేతి వేళ్లు ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి.

"ఏటమ్మా?" అని అడిగాను.

"ఏటీ నేదే," అంది.

మూడో రోజు నేను లేచేసరికి అమ్మ లేదు. పొయ్యి మీద గంజి కాచి మూత పెట్టి ఉంది. నాన్న నూతి దగ్గరా, పాకలోనూ వెతికాడు. యజమాని భార్య, పెద్దావిడ, గడ్డంతో పొలం వైపు చూపించింది.

వరసగా వంగి కోస్తున్న బర్మా ఆడవాళ్ల మధ్య అమ్మ ఉంది. చీర మోకాళ్ల దాకా ఎగదోపుకుని, నెత్తిన ఎవరిదో వెదురు టోపీ పెట్టుకుని కోస్తోంది. ఆమె చెయ్యి అంత చురుగ్గా ఆడడం నేనెప్పుడూ చూడలేదు. పెళ్లికి ముందు శ్రీకాకుళం వైపు పొలాల్లోనే పెరిగిందన్న సంగతి కూడా నాకు ఆ రోజే తెలిసింది.

నాన్న దగ్గుకుంటూ గట్టు మీద నడిచి వెళ్లాడు. నేను వెనకాల పరిగెత్తాను.

"ఒలే! మనమిక్కడికి కూలికొచ్చినామేటి?"

అమ్మ నడుం ఎత్తి నిలబడింది. "కూలికి కాదు మావా. సెయ్యి ఊరుకోనేదు."

"నలుగురూ ఏటనుకుంతారు?"

"కొడవలట్టి పదేళ్లయిపోనాది. ఈ మడి కోసి వొచ్చేత్తాను. నువ్వు గంజి తాగు."

మా వెనకే వచ్చిన పెద్దావిడ బర్మా భాషలో ఏదో అంది. ఆడవాళ్లంతా నవ్వారు. అమ్మకి ఆ భాష రాదు. "ఏటంటంది?" అని నాన్నని అడిగింది.

నాన్న, "నీ కోత తిన్నగా ఉందంట. వాళ్ల కోడల్ని నిన్ను సూసి నేర్సుకోమంటంది," అన్నాడు.

అమ్మ కూడా నవ్వింది. బయటికి, గట్టిగా. బారకులో పలకల గోడలకి ఇటూ అటూ మనుషులే కాబట్టి అక్కడ అందరం గొంతు తగ్గించే మాట్లాడేవాళ్లం. అమ్మ గొంతు అంత పెద్దదని నాకు తెలీదు.

నాన్న తిరిగి వెళ్లలేదు. గట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి, "పిడికిలి సిన్నగా పట్టు, జారిపోతంది," అన్నాడు.

"నాకు సెప్పకు," అంది అమ్మ, తల ఎత్తకుండానే.

ఆ సాయంత్రం ఆమె అరచేతిలో బొబ్బలు చూసి నాన్న కొబ్బరినూనె తెచ్చి తనే రాశాడు. ఇద్దరూ బండి నొగల మీద కూర్చుని తమ ఊళ్లో ఎప్పుడు నాట్లు వేసేవారో, ఎవరి మడి ఎక్కడుండేదో చెప్పుకున్నారు. నాకు అర్థమైంది సగమే. గడ్డిలో పడుకుని వింటూ నిద్రపోయాను. మర్నాడు పెద్దావిడ బుట్టెడు కొత్త బియ్యం తెచ్చి అమ్మ ముందు పెట్టింది. అమ్మ ఆమెని, తమ ఊళ్లో అక్కని పిలిచినట్టు, "అప్పా" అని పిలిచింది. తరవాత వాళ్లిద్దరూ చేతి సైగలతోనే గంటల తరబడి మాట్లాడుకునేవారు. మేమున్న మిగతా రోజులన్నీ అమ్మ పొద్దుటి పూట పొలానికి వెళ్లింది.

వారానికి నాన్న దగ్గు చాలావరకు తగ్గింది. మిల్లులో ఆయన్ని రంపం దగ్గర నుంచి తీసి, నది ఒడ్డున దుంగలు దించే చోట వేశారు. ఆ తరవాత ఏటా కోతల రోజుల్లో అమ్మ నన్ను వెంటబెట్టుకుని నది దాటేది. నాన్నే మమ్మల్ని పడవ ఎక్కించేవాడు. నేనూ కొయ్యడం నేర్చుకున్నాను, నా వరస మాత్రం ఎప్పుడూ వంకరే. మేము వెళ్లిన చివరి ఏడు నాన్న కూడా రెండు రోజులు సెలవు పెట్టి వచ్చాడు. కొడవలి ముట్టలేదు. మకాం యజమానితో గట్టు మీద కూర్చుని, పొద్దు వాలేదాకా ఎద్దుల గురించి మాట్లాడుతూనే ఉన్నాడు.