పెట్టెలో పట్టిన ఊపిరి

ఆ రోజుల్లో నేను రాత్రికి భయపడేదాన్ని కాదు, మిట్టమధ్యాహ్నానికి భయపడేదాన్ని. రాత్రిపూట జనం ఎలాగూ జాగ్రత్తగా ఉంటారు కాబట్టి, గట్టి దెయ్యాలు పగలే వస్తాయని మా అమ్మమ్మ చెప్పేది. అక్షరం ముక్క రాని వయసులో విన్నవి లోపల గట్టిగా దిగిపోతాయి. (నలభై దాటాక అక్షరాలు వచ్చాయి గానీ భయం పోలేదు, కాస్త పక్కకి జరిగి వాటికి చోటిచ్చిందంతే.) అలాంటి నేను రాజమండ్రి దాటాక కాలవ గట్టు మీదున్న ఒక పిల్లల ఆసుపత్రిలో ఆయాగా చేరాను. అక్కడొక కుర్ర డాక్టరుగారు, నెమ్ము చేసి డొక్కలెగరేస్తూ వచ్చే పిల్లల మీద పరిశోధన చేసేవారు. బిడ్డ రాగానే ఛాతీ దగ్గర మైకు పెట్టి ఊపిరి చప్పుడు టేపురికార్డరులో పట్టేవారు, నయమై వెళ్ళేటప్పుడు మళ్ళీ పట్టేవారు. ఎలాంటి చప్పుడుతో వచ్చిన బిడ్డకి ముందుగా ఆక్సిజన్ పెట్టాలో చెవితోనే తేల్చాలని ఆయన తపన. మేం మాత్రం వెనకాల ‘పెట్టె డాక్టరు’ అనేవాళ్ళం. భోజనమయ్యాక వరండా చివరి గదిలో తలుపు వేసుకుని, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని ఒక్కరే వింటూ కూర్చునేవారు. వింటారని నాకెవరూ చెప్పలేదు. పడుకుంటారనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం వార్డంతా కునుకు తీస్తుంటే ఆ గదిలోంచి ఊపిరి వినపడింది. లోపలికి ఈలలాగా, బయటికి బొంగురుగా, పసిపిల్ల ఊపిరి. మధ్యలో ఆగేది. అది ఆగినప్పుడల్లా నాదీ ఆగేది. వార్డులో పిల్లలందరూ నా కళ్ళెదుటే మంచాల మీద ఉన్నారు. ఆత్రేయపురం వైపు నుంచి మనవణ్ణి తెచ్చిన మామ్మగారొకావిడ కూడా అది వింది. వాడికి ముక్కులో ఆక్సిజన్ గొట్టం ఉంది, అయినా ముక్కుపుటాలు ఎగురుతూనే ఉన్నాయి. ఈ పూట గొట్టం తీస్తే పిల్లాడు దక్కడని డాక్టరుగారు పొద్దున్నే చెప్పి ఉన్నారు.

“ఏమ్మాయ్, ఆ గదిలో పిల్లెవరే?” అంది మామ్మగారు.

“ఎవరూ లేరండి.” అనేశాక గానీ, ఆ మాట అనకూడదని నాకు తట్టలేదు.

ఆవిడ కోడలి వైపు తిరిగింది. “లేవే, మూట కట్టు. పిల్లలు లేని గదిలో పిల్ల ఊపిరి తీస్తంది. ఇక్కడ ఉండకూడదు.”

“గొట్టం తీస్తే ఎలాగ అత్తయ్యా? డాక్టరుగారేమన్నారూ?”

“ఆయన బతికున్నోళ్ళకి చెప్తాడు. ఆ గదిలోదానికి చెప్పగలడేంటి?”

సిస్టరమ్మ భోజనానికి వెళ్ళింది. డాక్టరుగారిని పిలవాలంటే ఆ గదిలోకే వెళ్ళాలి. చేతిలో ఉన్న చీపురు పట్టుకునే వెళ్ళాను (దెయ్యాన్ని కొట్టడానికా, ఊడవడానికా అని సిస్టరమ్మ తర్వాత అడిగింది). పూతరేకులు తీసి తీసి కాయలు కాసిన చేత్తో మామ్మగారు నా జబ్బ పట్టుకుని వెనకాలే వచ్చింది. తలుపు తోస్తే లోపల చీకటి. డాక్టరుగారు తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి ఉన్నారు. అయిపోయింది, చంపేసింది అనుకున్నాను. అప్పుడాయన గురక పెట్టారు. ఇయర్‌ఫోన్ల వైరు ఊడి కింద పడి ఉంది, పెట్టె దాని మానాన అది ఊపిరి తీస్తోంది.

డాక్టరుగారు ఉలిక్కిపడి లేచి, ఆ చప్పుడు ఎవరో పాత పిల్లాడిదని సర్దిచెప్పబోయారు. మామ్మగారు వినలేదు.

“మా వాడిది కూడా ఇందులో పట్టారా బాబూ?”

“పట్టానండి, వచ్చిన రోజునే.”

“అదీ సంగతి. అందుకే వాడికి ఊపిరాడట్లేదు. ఇచ్చెయ్యండి, పోతాం.”

ఆయన ఇంగ్లీషు కలిపి ఏదో చెప్పబోతుంటే నేనే అడ్డుపడ్డాను. “సగం ఊపిరి పెట్టెలో ఉంటే మిగతా సగంతో పిల్లాణ్ణి ఎక్కడికి తీసుకెళ్తారండి మామ్మగారూ? దారిలో చాలొద్దూ? కోలుకున్నాక మొత్తం ఒకేసారి ఇచ్చేస్తారు.” తెలివిగా మాట్లాడానని తర్వాత అందరూ మెచ్చుకున్నారు. తెలివీ లేదు, పాడూ లేదు. నిజంగా అంతేననుకున్నాను.

డాక్టరుగారు నన్ను సరిదిద్దడానికి నోరు తెరిచారు. తలుపులోంచి మంచం మీది పిల్లాడు కనిపించాడు. “అవునండి. వెళ్ళేటప్పుడు ఇస్తాను,” అన్నారు.

మామ్మగారు మూట విప్పింది. అప్పట్నుంచి ఒక కన్ను మనవడి మీద, ఒక కన్ను పెట్టె ఉన్న గది మీద వేసి కాపలా కాసింది. పిల్లాడు కోలుకున్నాడు. ఇంటికి పంపిస్తామంటే ఆవిడ మెట్టు దిగనంది. చేసేది లేక డాక్టరుగారు పెట్టెను వార్డులోకి తెచ్చి, వాడి ముఖం దగ్గర పెట్టి మీట నొక్కారు. వాడు తన ఈల తనే విని నవ్వి, పెట్టెను పీకబోయాడు. మామ్మగారు వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుని, “వచ్చేసింది,” అంది.

ఆయన టేపు ఆపేలోపే తర్వాతి ఊపిరి మొదలైంది. సన్నగా, దారంలా ఉంది. “ఇదెవరిది?” అంది మామ్మగారు. అది ఇంటికి వెళ్ళని పిల్లది. పోయేటప్పుడు ఆ పిల్ల తల నా ఒళ్ళోనే ఉంది, నాకు తెలుసు. ఎవరూ చెప్పకుండానే ఆవిడకీ తెలిసిపోయింది. మనవణ్ణి చంకనేసుకుని, “దీన్నీ వదిలెయ్యండి బాబూ, పాపం,” అని మెట్లు దిగిపోయింది.

నేను వెళ్ళి కాలవ వైపు కిటికీ తీశాను. డాక్టరుగారు మీట మీద వేలు ఉంచారు గానీ నొక్కలేదు. టేపు చివరిదాకా తిరిగింది.

టేపులో ఉండేది చప్పుడేనని ఇప్పుడు నాకు తెలుసు, చదువుకున్నాను కూడా. అదేమీ తెలియని ఆ ఆయా పిల్ల, గాలి ఎటు వీస్తోందో చూసుకుని మరీ ఒక రెక్క తీసి, ఇంకో రెక్క కొట్టుకోకుండా చేత్తో పట్టుకుని నిలబడిందే, దాన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పుడైతే అంత జాగ్రత్తగా తియ్యలేను.