సున్నపురాయిలో తొమ్మిది

మా ప్రార్థన మందిరంలో పాట ఎత్తేది నేనే. పాటల పుస్తకంలో వరుస చివర 2 అని ఉంటే ఆ వరుస మొత్తం రెండుసార్లు పాడాలి. 3 ఉంటే మూడుసార్లు. మా కాలనీ చెల్లె ఒకామె ఎప్పుడూ తొందరపడి ఒక్కసారికే ముందుకు పోయేది. పాట ఆపి, అందరి ముందూ "మళ్లోసారి!" అనేదాన్ని.

మందమర్రిలో అంగన్‌వాడీ ఆయాగా చేస్తూ, పిల్లలు పెద్దయ్యాక ఓపెన్ స్కూల్లో పదో తరగతికి ఫీజు కట్టాను. పది పాస్ కాకపోతే ఆయాగానే ఉండిపోవాలి. ఆ చెల్లె కూడా కట్టింది. ఆదివారం ఆరాధన కాగానే ఇద్దరం అవే తెల్లచీరలతో క్లాసుకు పోయేవాళ్లం.

ఒక ఆదివారం సార్ బోర్డు మీద CaCO₃ అని రాశారు. సున్నపురాయి అన్నారు. Ca కాల్షియం, C కార్బన్, O ఆక్సిజన్. మొత్తం పరమాణువులు ఎన్ని అని అడిగితే ఎవరూ లేవలేదు. మైకు ముందు నిలబడే అలవాటు కదా, నేను లేచాను.

"తొమ్మిది, సార్."

"తొమ్మిది ఎట్లొచ్చినయమ్మా?"

"చివర మూడుంది కద సార్. మూడింటిని మూడేసిసార్లు తీసుకోవాలె. మా పాటల పుస్తకంల గట్లనే ఉంటది. అంకె ఉంటే వరుసంత మళ్ల పాడాలె."

వెనక బెంచీ నుంచి, బొగ్గుబాయిలో పనిచేసే ఒకాయన అందుకున్నాడు. "అయితే పాడక్కా, మేం చప్పట్లు కొడతం!"

క్లాసంతా నవ్వింది. చెల్లె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సార్ మాత్రం నవ్వలేదు. "అంకె దాని ముందటి ఒక్కదానికేనమ్మా. ఆక్సిజన్లు మూడు, కాల్షియం ఒకటి, కార్బన్ ఒకటి. ఐదు. బ్రాకెట్ పెడితేనే లోపల ఉన్నవన్నిటికీ" అన్నారు.

లెక్క తప్పిందని కాదు, నా మూలంగా దేవుని పాట నవ్వులపాలైందని నా తల వాలిపోయింది. అంతకుముందు వారమే స్త్రీల కూడికలో గర్వం గురించి వాక్యం చెప్పింది నేనే.

ఇంటికి పోయి పుస్తకాలు సజ్జ మీద పెట్టేశాను. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి చూసి, "ఏందే, అప్పుడే పాసైనవా?" అన్నాడు.

బుధవారం ప్రార్థనలో ఒక్కొక్కరం మనవి చెప్పుకుంటున్నాం. చదువు మానేస్తున్నానని చెప్పాల్సిన చోట "ఆరోగ్యం బాగుండాలని" అన్నాను. మోకాళ్ల మీద ఉండి ఆడిన అబద్ధం. నా తర్వాత చెల్లె వంతు.

"అక్కకూ నాకూ సైన్సు రావాలని ప్రార్థించుండ్రి. మొన్న అక్కను చూసి నవ్విన. నాకూ తొమ్మిదే అనిపించింది గని, లేసి చెప్పే ధైర్యం లేకుండె."

అందరూ ఆమేన్ అన్నారు. నాకు కళ్లు తెరిచే ముఖం లేదు.

పై ఆదివారం పుస్తకాలు దించి క్లాసుకు పోయాను. సార్ Ca(OH)₂ అని రాశారు. గోడలకు కొట్టే తడి సున్నం. లెక్క అడుగుతూ నా దాకా వచ్చి, చూపు పక్కకు తిప్పుకున్నారు. ఆ జాలి నవ్వుకన్నా ఎక్కువ గుచ్చుకుంది. లేచాను.

"ఐదు సార్. బ్రాకెట్ల ఉన్నయి రెండేసి. కాల్షియం ఒక్కటే."

పాట ఎత్తే గొంతు కాదది. సార్‌కు వినపడలేదు.

"మళ్లోసారి చెప్పమ్మా."

చెల్లె నా పక్కనే ఉంది. ఆమె వైపు చూడలేక, బోర్డునే చూస్తూ మళ్లోసారి చెప్పాను.